నెల్లూరు తీరం – మన చరిత్ర (9): లాభం గుంటలో, ఉప్పు బిందెలో

సారా వ్యతిరేక ఉద్యమం మీద రాసిన గత భాగం చదివి కొందరు విద్యార్థులు ఒక ప్రశ్న అడిగారు. దూబగుంట నుంచి లేచిన ఆ ఆడవాళ్లు, సారా వేలంపాటలను ఆపిన ఆ ఆడవాళ్లు, తర్వాత ఎక్కడికి పోయారు? ఇళ్లకు పోయారని చరిత్ర పుస్తకాలు రాస్తాయి. ఇళ్లకు పోయిన మాట నిజమే. పోయి చూస్తే బిందెలో నీళ్లు ఉప్పగా ఉన్నాయి.

1996 డిసెంబరు 11న జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ ఎస్. సగీర్ అహ్మద్ ఇచ్చిన సుప్రీంకోర్టు తీర్పు ఒకటుంది. దేశంలో రొయ్యల సాగు మీద వచ్చిన తీర్పుల్లో అన్నిటికంటే పెద్దది. అందులో నెల్లూరు జిల్లా కుర్రు అనే ఊరి పేరు వస్తుంది. చుట్టూ రొయ్యల గుంటలు రావడంతో ఆ ఊళ్లో 600 మంది మత్స్యకారులకు తాగేందుకు నీళ్లు లేకుండా పోయాయి. ఊరి ఆడవాళ్లు ఆందోళన చేశాక ట్యాంకర్లు వచ్చాయి. తీర్పులో ఇదంతా కలిపి ఒకటి రెండు వాక్యాలే. వాళ్ల పేర్లు లేవు. ఎన్ని రోజులు కూర్చున్నారో, ఎవరు కేసులు పెట్టించారో లేదు. మన తీరం చరిత్ర ఇలాగే దొరుకుతుంది, ఇంకెవరి కాగితాల్లోనో ఒక మూల.

ఆ రెండు వాక్యాల వెనక ఉన్న కథను ఈ భాగంలో చెప్పుకుందాం. ఇది కొద్దిమంది రెండు మూడేళ్ల లాభం చూసుకుంటే, మూడు తరాలు ఉప్పు తాగిన కథ.

ముందు భూమి సంగతి

మన తీరం మ్యాపు ఒకసారి కళ్ల ముందు పెట్టుకోండి. పైన కావలి, అల్లూరు. మధ్యలో పెన్న సముద్రంలో కలిసే చోటు. కింద ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, చిల్లకూరు, కోట, వాకాడు. ఇంకా కిందికి పోతే పులికాట్. సముద్రానికి సమాంతరంగా బకింగ్‌హాం కాలువ. కృష్ణపట్నం దగ్గర సముద్రంలో కలిసే కండలేరు ఉప్పుటేరు.

పెన్న కాలువ నీళ్లు పారే మాగాణి ఎవరిదో మీకు తెలుసు. మొలగొలుకులు పండిన ఆ కయ్యల్లో నాట్లు వేసింది మనం, గాదెలు నిండింది వాళ్లవి. ఇక మనకు ప్రభుత్వం పంచినదేది? కాలువ చివర, నీళ్లు అందని చోట, ఇసుక దిబ్బలకూ ఉప్పుటేరుకూ మధ్య ఉన్న చవుడు భూమి. డి-ఫారం పట్టాలు, సీజేఎఫ్‌ఎస్ పేరుతో దళితుల ఉమ్మడి వ్యవసాయ సంఘాలకు ఇచ్చిన భూములు ఎక్కువగా ఇలాంటివే. ఎవరికీ అక్కర్లేదనుకున్నదే మన చేతిలో పెట్టారు. యానాదులకైతే ఆ పట్టా కూడా చాలామందికి అందలేదు. ఏరు, మడ, దిబ్బ, వాటిలో దొరికే చేప, రొయ్య, పీత, అదే వాళ్ల ఆస్తి. కాగితం లేని ఆస్తి.

1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది. చాలామంది ఆ చట్టం అమ్మకం ఒక్కదాన్నే ఆపుతుందని అనుకుంటారు. కాదు. 'బదిలీ' అనే మాటకు చట్టం ఇచ్చిన అర్థంలో అమ్మకం, దానం, తాకట్టుతో పాటు లీజు కూడా ఉంది. అంటే అసైన్డ్ భూమిని లీజుకు రాయించుకున్నా అది చెల్లదు. భూమిని తిరిగి పేదవాడికి అప్పగించాల్సిన బాధ్యత రెవెన్యూ అధికారులది. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుని ముందుకు చదవండి.

చవుడుకు ధర వచ్చిన రోజు

1990 దాటేసరికి జపాన్, అమెరికా, యూరప్ మార్కెట్లలో టైగర్ రొయ్యకు గిరాకీ పెరిగింది. 1991 తర్వాత ఎగుమతి అనే మాట మంత్రమైంది. డాలరు తెచ్చేవాడే దేశభక్తుడు. బ్యాంకులు అప్పులిచ్చాయి. ఆంధ్ర, ఒరిస్సా, బెంగాల్ రాష్ట్రాల్లో రొయ్యలు, చేపల సాగు ప్రాజెక్టుకు ప్రపంచ బ్యాంకు కూడా రుణమిచ్చింది. పెద్ద కంపెనీలు దిగాయి. వాటి వెనకే కాంట్రాక్టర్లు, డాక్టర్లు, లాయర్లు, నాయకులు దిగారు.

టైగర్ రొయ్యకు ఉప్పునీళ్లు కావాలి. ఉప్పునీళ్లు ఎక్కడున్నాయి? ఏటి పక్కన. ఏటి పక్కన భూమి ఎవరిది? మనది. నిన్నటిదాకా గొడ్లు కూడా మేయవన్న నేలకు ఒక్కసారిగా కార్లు వచ్చాయి.

ఎలా తీసుకున్నారు? చాలాచోట్ల అమ్మకం కాగితం లేదు, ఎందుకంటే చట్టం ఒప్పుకోదు. తెల్లకాగితం మీద వేలిముద్ర. మూడేళ్లకనో అయిదేళ్లకనో గుత్త. ముందే కొంత సొమ్ము. పట్టా కాగితం 'భద్రంగా' వాళ్ల దగ్గరే. ఇవ్వనన్నవాడిని బలవంతం చేయాల్సిన పని కూడా లేదు. చుట్టూ నాలుగు గుంటలు తవ్వితే చాలు. గుంటలోని ఉప్పునీళ్లు గట్టు దాటి ఊరి పక్క కయ్యలోకి ఊటగా దిగుతాయి. ఒక కారు పోతుంది, రెండో కారు పోతుంది, మూడో ఏడు ఆ రైతే వచ్చి 'నాదీ తీసుకోండయ్యా' అంటాడు. గుంట కింద బోరు కూడా అంతే. తీపి నీళ్లు తోడి గుంటలో ఉప్పును పలచన చేసే కొద్దీ, కింద ఖాళీ అయిన చోటికి సముద్రం జరుగుతూ వస్తుంది.

పేరుకు ఇది స్వేచ్ఛా మార్కెట్. నిజానికి ఒకడి గట్టు పక్కవాడి నిర్ణయాన్ని ముందే రాసేసింది.

కండలేరు చెప్పిన పాఠం

ఇప్పుడు స్వార్థం తనను తానే ఎలా తింటుందో చూద్దాం. ఇందులో పురాణం ఏమీ లేదు, నీళ్ల లెక్క అంతే.

ఉప్పుటేటి ఒడ్డున వరసగా గుంటలు. ప్రతి గుంటకూ ఒక మోటారు. ఏటి నుంచి నీళ్లు తోడతారు. సీడు వదులుతారు, ఎంత ఎక్కువ వదిలితే అంత లాభమని కిక్కిరిసేలా వదులుతారు. మేత చల్లుతారు. తినగా మిగిలిన మేత, రొయ్య వ్యర్థం, మందులు, అన్నీ కలిసిన మురికినీళ్లను మళ్లీ అదే ఏట్లోకి వదిలేస్తారు. పై గుంట వదిలినదే కింది గుంట తోడుకుంటుంది. పోటు వచ్చినప్పుడు కింది గుంట వదిలింది పైకి పోతుంది. అందరూ ఒకరి మురికి ఒకరు తాగుతున్నారు, ఎవరికి వాళ్లు లాభం లెక్క రాసుకుంటున్నారు.

మురికినీళ్లు శుద్ధి చేసే చెరువు ఒకటి విడిగా కట్టొచ్చు. దానికి భూమిలో కొంత వదులుకోవాలి. సీడు తగ్గించి వేయొచ్చు. దానికి ఈ ఏటి లాభంలో కొంత వదులుకోవాలి. ఒక కారు గుంట ఎండబెట్టొచ్చు. దానికి ఒక పంట వదులుకోవాలి. ఎవరు వదులుకుంటారు? 'పక్కవాడు వదలనప్పుడు నేనెందుకు వదలాలి' అన్నది ప్రతి గట్టు మీదా వినిపించిన మాట.

హెచ్చరిక లేదా అంటే ఉంది. 1987లో రొయ్యల సాగులో ప్రపంచంలోనే ముందున్న తైవాన్, 1988లో రోగాలొచ్చి కుప్పకూలింది. 1993లో చైనాలో అదే జరిగింది. నెల్లూరులో రొయ్య వేసినవాళ్లు ధరల కోసం రోజూ విదేశాలకు ఫోన్లు చేస్తున్న కాలమది. ధర వినబడింది, చావు వినబడలేదు.

1994లో తెల్లమచ్చ రోగం మన తీరానికి వచ్చింది. రొయ్య పెంకు మీద తెల్లటి చుక్కలు. చుక్క కనబడిన కొద్ది రోజుల్లో గుంటంతా చస్తుంది. ఇక్కడ మనిషి బుద్ధి ఏం చేసిందో గమనించండి. రోగం తగిలిన గుంటవాడు నీళ్లు కదలకుండా ఆపి, మందు కొట్టి, వైరస్‌ను చంపాక వదిలితే పక్క గుంటలు కొన్నయినా బతుకుతాయి. కానీ చాలామంది చచ్చినవి చావగా మిగిలిన రొయ్యను హడావిడిగా పట్టి అమ్ముకున్నారు. రోగపు నీళ్లను అలాగే ఏట్లోకి వదిలారు. తనకు దక్కేది పది రూపాయలు, ఏటికి పోయేది వంద. ఆ వందలో తన పక్కవాడిదే కాదు, వచ్చే ఏడు తనదీ ఉంది. మీసాలకేముంది, రొయ్యకు లేవా బారెడు అని సామెత. ఆ రెండేళ్లు మీసాలు మెలేసిన ఆసాములు 1995కల్లా గుంటలు ఎండబెట్టుకుని కూర్చున్నారు.

ఉమ్మడి సొత్తు, ఉమ్మడి కాని ఊరు

ఎకనామిక్స్ విద్యార్థులు ఇక్కడ గ్యారెట్ హార్డిన్ పేరు ఎత్తుతారు. ఉమ్మడి బీడులో ప్రతివాడూ తన లాభం కోసం ఇంకో ఆవును వదిలితే, చివరికి బీడే లేకుండా పోతుందని 1968లో ఆయన రాశాడు. ఆయన మాట అంతా నిజం కాదని, ఊళ్లు తమ ఉమ్మడి నీళ్లనూ అడవులనూ కట్టుబాట్లతో తరాల తరబడి కాపాడుకున్నాయని ఎలినార్ ఆస్ట్రమ్ చూపించింది. 2009లో ఆమెకు నోబెల్ వచ్చింది.

ఇద్దరినీ చదవండి. కానీ ఇద్దరినీ మన ఊరికి తెచ్చినప్పుడు ఒక ప్రశ్న కలపండి: 'ఉమ్మడి' అంటున్నది ఎవరెవరికి ఉమ్మడి? ఊరి బావి ఉమ్మడిదే అయితే 1927లో మహద్ చెరువు నీళ్లు దోసిట్లో పట్టడానికి బాబాసాహెబ్ సత్యాగ్రహం చేయాల్సిన పనేముంది? కట్టుబాటు చేసే పంచాయితీలో మనకు కూర్చునే చోటే లేకపోతే, ఏటికి కట్టుబాటు పెట్టేదెవరు?

కండలేరు మీద లాభం లెక్క వేసుకున్నవాడికి నెల్లూరులో ఇల్లుంది, మద్రాసులో వ్యాపారముంది, మాగాణిలో ఇంకో ఇరవై ఎకరాలుంది. ఏరు చస్తే వేరే ఏటికి పోతాడు. ఏటి మీద బతికే యానాదికి, ఊరి బోరు తాగే మాల మాదిగలకు, పట్టపు పల్లెలకు, పోయే చోటు లేదు. దూరదృష్టి లేకపోవడం ఇక్కడ కంటి జబ్బు కాదు. నష్టం తన గడపలోకి రాదన్న ధీమా. కులం ఇచ్చిన ధీమా. నష్టాన్ని కిందికి దించేసే వసతి ఉన్న సమాజంలో లాభపడేవాడికి దూరం చూడాల్సిన అవసరమే రాదు.

'మీవాళ్లూ ఇచ్చారు కదా'

ఈ మాట ఎక్కడికి పోయినా అడుగుతారు. మీ దళితులే భూములు గుత్తకు ఇచ్చుకున్నారు కదా, మీది స్వార్థం కాదా అని.

తప్పించుకోకుండా జవాబు చెప్పుకోవాలి. మా పక్క ఊళ్లో గుత్తకు ఇచ్చిన ఒక పెద్దాయనను నేను అడిగాను. "ఎందుకిచ్చావు తాతా?" అంటే ఆయన నా మీద కోప్పడలేదు. "ఆ చవుట్లో ఏం పండిందమ్మా? ఆరు బస్తాలు పండితే అప్పుకే చాలకపాయె. ఆయన లెక్క ముందే చేతిలో పెట్టె. పెద్దపిల్ల పెళ్లి ఎదురుగా ఉండె. పదేళ్ల తర్వాత వచ్చే ఉప్పు గురించి ఆలోచించే తీరిక నాకు ఎవరిచ్చారు?" అన్నాడు.

ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకండి. ఆకలికి రేపు కనబడదు, ఎందుకంటే ఇవ్వాళ్టి గండం గడవాలి. ఆశకు రేపు కనబడదు, ఎందుకంటే రేపటి నష్టం ఇంకొకరిది. మొదటిదానికి మందు నీళ్లు, అప్పు, కాలువ చివరిదాకా పారుదల. రెండోదానికి మందు చట్టం.

అయితే మనలోనూ ఒక వర్గం ఉంది, దాని గురించి మాట్లాడకపోతే ఈ వ్యాసం రాయడం దండగ. సంఘం భూమి అందరిదీ. కానీ కొన్నిచోట్ల నలుగురు పెద్దలు సంఘం పేరుతో గుంటలకు రాసిచ్చి, సభ్యులకు చిల్లర పంచి, మిగతాది మింగారు. వాళ్లలో జై భీమ్ అన్నవాళ్లూ ఉన్నారు. పేదరికం వాళ్లకు సాకు కాదు. పైవాడి దగ్గర నేర్చుకున్న లెక్కనే కింద వేశారు.

తీర్పు, తర్వాత

సుప్రీంకోర్టుకు పోయింది మన రాష్ట్రం నుంచి కాదు. తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్. ఆయన జీవిత సహచరి కృష్ణమ్మాళ్ భూమి లేని దళిత కుటుంబంలో పుట్టిన మనిషి. 1968 డిసెంబరు 25న కీలవెణ్మణిలో 44 మంది దళితులను గుడిసెలో వేసి తగలబెట్టిన తర్వాత ఆ దంపతులు తంజావూరు ప్రాంతానికి వెళ్లి, దళిత మహిళలకు భూములు ఇప్పించే పని పెట్టుకున్నారు. ఆ భూముల పక్కకే రొయ్యల గుంటలు వచ్చాయి. అందుకే కోర్టు మెట్లెక్కారు. పర్యావరణ కేసుగా చదువుతున్న ఈ తీర్పు పునాదిలో కీలవెణ్మణి ఉంది. లా విద్యార్థులకు ఇది క్లాసులో చెప్పరు.

కోర్టు ఏం చెప్పింది? 1991 తీర నియంత్రణ నోటిఫికేషన్ ప్రకారం అలల గరిష్ఠ రేఖ నుంచి 500 మీటర్ల లోపు ఉన్న రొయ్యల గుంటలను 1997 మార్చి 31 లోగా తొలగించాలంది. సంప్రదాయ పద్ధతి సాగుకు మినహాయింపు ఇచ్చింది. పులికాట్, చిల్కా సరస్సుల నుంచి 1000 మీటర్ల లోపు గుంటలు ఉండరాదంది. వ్యవసాయ భూమి, ఉప్పు కయ్యలు, మడ అడవులు, ఊరి ఉమ్మడి భూములు రొయ్యల సాగుకు మార్చరాదంది. పాడు చేసినవాడే పరిహారం కట్టాలంది. పని పోయే కూలీలకు చట్టబద్ధ పరిహారంతో పాటు ఆరేళ్ల జీతం అదనంగా ఇవ్వాలంది. రొయ్యలు అమ్మి సంపాదించినదాని కంటే అవి చేసిన నష్టమే ఎక్కువని నాగపూర్‌లోని నీరి సంస్థ నివేదిక లెక్కగట్టింది, కోర్టు దాన్ని ముందు పెట్టుకుంది.

ఆ తర్వాత రివ్యూ పిటిషన్లు పడ్డాయి, కూల్చివేత ఆగింది. 2005లో పార్లమెంటు తీర ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. 1991 నోటిఫికేషన్‌లోని నిషేధం తీర ఆక్వాకు వర్తించదని ఆ చట్టం రాసింది. 2005 నుంచి కాదు, 1991 ఫిబ్రవరి 19 నుంచే వర్తించనట్టు భావించాలని రాసింది. 500 మీటర్లు 200 మీటర్లయింది, అదీ కొత్త గుంటలకే. 2023 సవరణతో జైలు శిక్ష కూడా తీసేసి జరిమానా ఉంచారు. అయిదారేళ్ల లాభం కోసం తోడిన గుంటను కాపాడటానికి చట్టం పద్నాలుగేళ్లు వెనక్కి నడిచింది. కుర్రు ఆడవాళ్ల నీళ్ల కోసం ఒక్క రోజు కూడా వెనక్కి నడవలేదు.

మా వీధి లెక్క

నేను బడికి పోయే రోజుల్లో మా వాడ బోరు నీళ్లలో పప్పు ఉడికేది కాదు. టీ కాస్తే పాలు విరిగేవి. ఆడపిల్లలం బడికి ముందు ఒక నడక, బడి తర్వాత ఒక నడక బిందెలతో పోయేవాళ్లం. ట్యాంకరు వస్తే ముందు ఊళ్లో ఆగి, మిగిలితే మా వాడకు వచ్చేది. అమ్మ ఒక రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తీసే పనికి పోయేది. కిలో లెక్కన కూలి. రోజంతా ఐసులో చేతులు పెట్టి, సాయంత్రానికి వేళ్లు నానిన అటుకుల్లా తెల్లగా అయ్యేవి. మా నేల మీద పెరిగిన రొయ్యకు మా అమ్మ తల తీస్తే, అది ఓడెక్కి పోయింది. మాకు తల మిగిలింది, ఉప్పు మిగిలింది.

డాక్టరేట్ కోసం కోస్తా గ్రామాల మీద వచ్చిన కథలు, నవలలు చాలా చదివాను. కరువు మీద గొప్ప సాహిత్యం ఉంది, వరద మీద ఉంది. బోరు ఉప్పగా మారిన దళితవాడ మీద వెతికితే నాకు దొరికింది వేళ్ల మీద లెక్కపెట్టేంతే. మెల్లగా వచ్చే వినాశనం కథగా మారదు కాబోలు, మనవాళ్లు రాస్తే తప్ప.

మళ్లీ అదే ఏరు

2009లో వెనామీ రొయ్యకు అనుమతి వచ్చింది. ఎండిన గుంటల్లో మళ్లీ ఏరేటర్లు తిరిగాయి. రోగం లేని తల్లి రొయ్య, కొత్త టెక్నాలజీ, ఈసారి నష్టం ఉండదన్నారు. తర్వాత కొత్త రోగాలు వచ్చాయి. ఏరు మాత్రం పాతదే. తోడేదీ అందులోంచే, వదిలేదీ అందులోకే. ఇప్పుడు గుంట గట్టు మీద గుడిసె వేసుకుని కాపలా ఉంటున్న యానాది కుటుంబాలను చూడండి. ఆ ఏట్లో స్వేచ్ఛగా రొయ్య పట్టుకున్నవాళ్ల మనవలు, అడ్వాన్సు కింద కట్టుబడి ఇంకొకరి రొయ్యకు కాపలా కాస్తున్నారు.

ఇంకో ప్రమాదం గుమ్మంలో ఉంది. 2023లో రాష్ట్ర ప్రభుత్వం చట్టం సవరించి, ఇచ్చి ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములపై పేదలకు అమ్ముకునే హక్కు ఇచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ మొదలుపెట్టారు. హక్కు రావడం మంచిదే, మన భూమి మనదని కాగితం చెప్పడం మన పోరాటమే. కానీ ముప్పై ఏళ్లు ఉప్పు తాగిన భూమికి ఏం ధర పలుకుతుంది? పాడు చేసినవాడే వచ్చి 'ఇది పాడు భూమి' అని చవగ్గా అడుగుతాడు. నిన్నటి దొంగ గుత్త రేపు చట్టబద్ధమైన అమ్మకం అవుతుంది.

అందుకని ఈ సెలవుల్లో ఊళ్లకు పోయే విద్యార్థులకు కొన్ని పనులు చెబుతున్నాను. మీ వాడలో డి-ఫారం పట్టాలు ఎవరి పేరున ఉన్నాయో, అడంగల్‌లో సాగుదారుగా ఎవరి పేరు ఉందో పక్కపక్కన పెట్టి రాయండి. సంఘం భూమి ఉంటే సభ్యుల జాబితా, గుత్త డబ్బు లెక్క సమాచార హక్కు కింద అడగండి. ఊళ్లో ఉన్న గుంటలకు ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. బోరు నీళ్లు పరీక్ష చేయించి, తేదీ వేసి కాగితం దాచండి. ముసలివాళ్లను కూర్చోబెట్టి గుంటలు రాకముందు ఏ బావి తీపిగా ఉండేదో రికార్డు చేయండి. కుర్రు ఆడవాళ్లకు తీర్పులో రెండు వాక్యాలు దక్కాయి. మన ఊరి ఆడవాళ్లకు అవి కూడా దక్కలేదు. ఆ వాక్యాలు మనమే రాయాలి, సాక్ష్యంతో రాయాలి.

పక్కవాడి బోరు తీపిగా ఉంటేనే మన బోరు తీపిగా ఉంటుంది. తీరంలో పుట్టినవాళ్లకు ఇది నీతివాక్యం కాదు, భూగర్భం లెక్క.

పదో భాగంలో శ్రీహరికోట. రాకెట్ల కంటే ముందు ఆ దీవిలో ఉన్న యానాదుల కథ.

జై భీమ్.